గాటు

పోర్తోలో నవంబరంటే పొగ.
నది మీంచి లేచే మంచూ, వీధి మలుపుల్లో
చెస్ట్‌నట్లు వేయించే బండ్ల పొగా
ఏది ఎక్కడ మొదలైందో తెలీకుండా కలిసిపోతాయి.
ఆ పొగలోనే, బతాల్యా కూడలిలో, ట్రాం దిగుతూ
డిప్యూటీ బెల్మీరు తవెయిరా కూలిపోయాడు.
టోపీ ముందు పడింది,
మనిషి తరవాత.

విచారణ సంఘానికి షార్ట్‌హ్యాండ్ రాసింది నేను.
ఆలోచించడం నా పని కాదు, వినడం.
పదకొండు రోజులు, నలభై ముగ్గురు సాక్షులు,
ఆరు పెన్సిళ్లు.

వాళ్లకి దొరికింది పీపాలు చేసే జసింతు.
కుందేళ్ల వేటకి అతను వాడే జోడుగొట్టాల తుపాకీలో
తూటాలు రెండే పడతాయి.
మళ్లీ నింపే వ్యవధి లేదని వాళ్లే తేల్చారు.
కాబట్టి చప్పుళ్లు రెండే కావాలి.
ఊరంతా రెండే విన్నది.
ఆ రోజు ఊళ్లో లేనివాళ్లు కూడా
రెండే విన్నారు.

ఒతీలియా తప్ప.
బండిని గుమ్మం బయట వదిలి వచ్చింది.
మసి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
ప్రమాణం చేసే పుస్తకం మీద కూడా
వేళ్ల కొసలే ఆనించింది.
"మూడు," అంది.
"రెండు ట్రాం వైపు నుంచి.
ఒకటి నా వెనక నుంచి, పైనుంచి."
నా షార్ట్‌హ్యాండ్‌లో మూడు అంటే చిన్న కొక్కెం గీత.
గీస్తుంటే పెన్సిల్ మొన విరిగింది.

అధ్యక్షుడు కళ్లజోడు తుడుచుకున్నాడు.
"ఆ మూడోది నీ పెనంలో కాయ పేలిన చప్పుడేమోనమ్మా?"

"నేను కాయకాయకీ గాటు పెడతానయ్యా.
గాటు పడ్డ కాయ పేలదు.
మా అమ్మ చేతిలోనూ పేల్లేదు, నా చేతిలోనూ పేల్లేదు.
పేలే కాయలు అమ్మితే కొన్నవాళ్ల కళ్లు పోవూ?"

హాలంతా గొల్లుమంది.
నేను రాసుకున్నాను: నవ్వులు.

అచ్చయిన నివేదిక మూడొందల పన్నెండు పేజీలు,
మంచి కాగితం, తోలు అట్ట.
నూట తొంభయ్యో పేజీలో ఆమె ఉంది.
మూడు అంది.
కాయ పేలిందేమో అని ఆయన అడిగాడు.
ఆ వెంటనే, నవ్వులు.
మధ్యలో నాలుగు వాక్యాలు లేవు.
ఎంత నున్నగా కోశారంటే
చేత్తో తడిమినా గాటు తగలదు.

జసింతు ఫిబ్రవరిలో, జైల్లో, దగ్గుతో పోయాడు.
అదీ ఒక నివేదిక చెప్పిన మాటే.

నేనేం చేశానని అడక్కండి.
జీతం తీసుకున్నాను.
ఆ నోటుబుక్కొక్కటి తిరిగి ఇవ్వలేదు,
లెక్కలో ఒకటి తగ్గిందని గుమాస్తా రెండు రోజులు గొణిగాడు.
నిప్పు లేనిదే పొగ రాదంటారు.
ఆ చలికాలమంతా మేం పొగే పీల్చాం,
నిప్పు ఎవరింట్లో ఉందని ఎవరమూ అడగలేదు.

ఒక రాత్రి తలుపులేసుకుని
ఒక కాయని గాటు పెట్టకుండా నిప్పుల్లో వేశాను.
చాలాసేపు ఏమీ లేదు.
నీళ్లు తాగడానికి లేచినప్పుడు పేలింది.
పిల్లి బల్ల కిందికి దూరింది.
పప్పు తునకలు గోడకి అంటుకున్నాయి.
చప్పుడు, తడిగుడ్డని ఒక్కసారి విదిలించినట్టు, అంతే.
కూడలి అవతలికి వినపడేదేం కాదు.

కానీ ఆ రోజు నేనక్కడ లేను కదా.
ఇదే నన్ను తొలిచేది.
నేను విన్నది మూడో చప్పుడు కాదు,
మూడు అన్న ఆమె గొంతు.

ఒతీలియా ఇప్పటికీ అదే మలుపులో ఉంది.
నడుం వంగింది, చూపు మందగించింది,
చాకు మాత్రం అదే.
నేనెవరో ఆమెకి తెలీదు.
డజను కొంటే పదమూడు వేస్తుంది.
వాలు వీధిలో దిగుతూ ఒక్కొక్కటే తిప్పి చూస్తాను.
ప్రతిదాని మీదా గోరంత గాటు,
అంచులు విచ్చుకుని, లోపలి పసుపు కనబడుతూ.

ఇన్ని నవంబర్లుగా వెతుకుతున్నాను,
ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి
గాటు లేనిది దొరక్కపోతుందా అని.
దొరికితే
నిద్రపోదామని.