చెక్క ఎక్కడ తగులుతోంది

ఫ్యాక్టరీ గ్రీజు వాసనతోనే వచ్చింది
పాయింట్ టూ టూ రైఫిలు, బట్ నంబరు పదిహేడు.
విజయనగరం రేంజిలో, యాభై మీటర్ల అట్ట మీద
మా కర్రోతు హిమబిందు ఐదు గుళ్ళు కాలిస్తే
కళ్ళంలో చల్లిన ఉలవల్లా
ఒకటి ఈ మూల, ఒకటి ఆ మూల.

"పిల్లకి ఊపిరి నిలకడ లేదు" అన్నాడు సుబేదారు.
నేను ఆయుధాల గదికి గుమస్తాని, ఏమీ అనలేదు.
చీపురుపల్లి నుంచి తెల్లారి రైలుకి వస్తుంది ఆ పిల్ల.
గొట్టం కొసన రూపాయి బిళ్ళ నిలబెట్టి
ఖాళీ గుల్లతో ట్రిగ్గర్ నొక్కమన్నాను.
ఇరవై సార్లు నొక్కింది.
బిళ్ళ పడలేదు.

మరి ఉలవలెందుకు?

ముందు తుడిచి తుడిచి చెడగొట్టాను.
ఇత్తడి బ్రష్షు, నూనె, పాత లుంగీ పేలికలు.
అద్దంలా మెరిసే గొట్టంలోంచి
మొదటి పది గుళ్ళూ ఎవరి దారిన వాళ్ళే పోయాయి.
లోపల కాస్త మైనం పూత మిగలాలని
నెల పోయాక గాని తెలియలేదు.

తర్వాత తూటాలు మార్చాను.
ఇనుముకీ నాలుక ఉంటుంది.
ఖరీదైన నీలం డబ్బాని ఉమ్మేసింది,
లేబుల్ వెలిసిపోయిన పాత లాటుని ఇష్టంగా తిన్నది.
ఉలవలు దగ్గరికొచ్చాయి, అరచేయంత మేరకి.
పోటీలో అరచేయి చాలదు.

అప్పుడు బొబ్బిలి వైపు నుంచి అప్పలాచారి గారొచ్చారు,
మా ఆవిడకి మేనమామ వరస,
యాభై ఏళ్ళుగా పనస దుంగ తొలిచి వీణలు చేసే మనిషి.
తుపాకీ గేటు దాటకూడదు గనక
ఆయనే బస్సు దిగారు,
చేతిసంచిలో రెండు ఉలులు, ఒక కాటుక భరిణె.

గొట్టాన్ని గోటితో మీటారు.
చెవి దించి విన్నారు.
మళ్ళీ మీటారు.
"ఇది పలకట్లేదు బాబూ,
ఎవుడో నోరు నొక్కీసినాడు."

జేబులోంచి బస్సు టిక్కెట్టు తీసి
గొట్టానికీ చెక్కకీ నడుమ దూర్చి లాగారు.
జారింది, జారింది,
కొసకి మూడు వేళ్ళ ఇవతల ఆగిపోయింది.
గొట్టానికి కాటుక రాసి, చెక్కలో కూర్చోబెట్టి, ఎత్తి చూస్తే
చింతగింజంత నల్ల మచ్చ.
"ఇదిగో దొంగ.
ఎండకో మాట, వానకో మాట సెప్తాది సెక్క.
ఆన్సవలసిన కాడ గట్టిగా ఆన్సాల,
ఇంకెక్కడా ముట్టకూడదు."

పెన్సిలు ముక్కకి గరుకు కాగితం చుట్టి
మధ్యాహ్నమంతా నిదానంగా గీకారు.
టీ ఇస్తే చల్లారిపోయింది.
టిక్కెట్టు ఈ కొస నుంచి ఆ కొసకి నడిచిన దాకా
ఎవరితోనూ మాట్లాడలేదు.
రెండు మరలూ ఒకే బిగువుకి బిగించాక
హిమబిందు తన గోళ్ళ రంగుతో
వాటి మీద చెరో ఎర్ర గీత గీసింది,
కదిలితే తెలియాలని.

సాయంత్రం ఐదు గుళ్ళు.
నాలుగు ఒకదాని మీద ఒకటి,
రేగిపండు పట్టేంత బొక్క.
ఐదోది వేలెడు దూరంలో, ఒంటరిగా.
"గాలి" అన్నాడు సుబేదారు.
ఆకు కదలడం లేదు.
"కాదు సార్, అది నాదే" అంది పిల్ల.

ఆచారి గారు డబ్బు తీసుకోలేదు.
మనవడికి ఒక్క ఖాళీ గుల్ల అడిగారు,
ఈల వేసుకుంటాడట.
ఇవ్వలేకపోయాను.
కాల్చిన ప్రతి గుల్లా లెక్కకి తిరిగి రావాలి.
రిజిస్టరులో లోపాలకి ఒక గడి ఉంది,
లోపం తీసిన మనిషి పేరుకి లేదు.

ఆ అట్టే ఇచ్చి పంపాను.
మొన్న వెళ్తే, తీగెలు కట్టని వీణల పక్కన
మేకుకి వేలాడుతోంది,
బొక్కలోంచి సన్నగా వెలుతురు దిగుతోంది.
కోడలు చీపురు పట్టుకుని నిలబడి అంటోంది,
"పురుగు తిన్న అట్ట ఏటికి మావా,
పారీకూడదా?"