తెల్ల తీగ

ఆగస్టు రెండో వారం.
కొండంతా హెదర్ పూసి ఊదారంగు తిరిగింది.
కింద మా పెరట్లో క్లోవర్ అయిపోయి
ఆరు తేనెపెట్టెలు ఖాళీ కడుపుతో గొణుగుతున్నాయి.

కళ్ళ డాక్టరు ఉత్తరం వచ్చిన మర్నాడే
ఇన్నిస్ తన పాత డీజిల్ బండి అమ్మేశాడు.
ఇక మిగిలింది నా హైబ్రిడ్ కారు.
రోగుల ఇళ్ళకి తిరగడానికి కొనుక్కున్నది,
పుట్టి బుద్ధెరిగాక దేన్నీ లాగలేదు.

గ్యారేజీవాడు వెనక కొక్కెం బిగించాడు గానీ
ట్రైలర్ దీపాల తీగలకి పది రోజులు ఆగమన్నాడు.
పువ్వు ఆగుతుందా?

"మోరగ్, నువ్వు రంగులు చదువు.
ఏది ఎక్కడికో నేను చెప్తాను," అన్నాడు ఇన్నిస్.

కొట్టం రేకుల మీద వాన.
డిక్కీలో తివాచీ ఎత్తి, లోపలి అట్ట ఊడదీశాను.
ప్లాస్టిక్ మేకులు నాలుగు విరిగాయి,
ఐదోది ఎటు ఎగిరిందో తెలీదు.
అడుగున బొటనవేలంత లావున ఒక తీగ,
ఎండకాగుతున్న పాములా.

"నారింజ," అన్నాను.
"దాని వైపు చూడకు కూడా.
అది చక్రాలు తిప్పే కరెంటు.
పక్కన చిన్న బాటరీ ఉంటుంది చూడు, మన చుట్టం అదీ."

తర్వాత, కళ్ళజోడు తుడుచుకుంటూ (ఎందుకో ఇంకా తుడుస్తాడు),
"ఈ కారులో కంప్యూటరు పిసినారి ముండ.
ఏ దీపం ఎంత తాగిందో చుక్క చుక్కా లెక్క రాసుకుంటుంది.
దొంగచాటుగా ఇంకో దీపం తగిలించామో, గోల.
అందుకే మధ్యలో ఈ నల్ల డబ్బా.
కారు దగ్గర మాట వింటుంది, బాటరీ దగ్గర అన్నం తింటుంది."

పసుపు అన్నాను. ఎడమ మలుపన్నాడు.
నీలం అన్నాను. పొగమంచు దీపం, నీకెలాగూ పనికొస్తుంది, అన్నాడు.
టార్చి వెలుగులో గోధుమరంగూ ఎరుపూ ఒకటే అయిపోయి
నేను తడుముకుంటుంటే
"వాసన చూస్తున్నావా ఏంటి?"
నవ్వు ఆపుకోలేక స్క్రూ జారవిడిచాను.
శబ్దాన్ని బట్టి వంగి, నాకంటే ముందు తనే తీశాడు.

తెలుపు అన్నాను చివరికి.
"అది నేల. వెళ్ళినవన్నీ తిరిగొచ్చే దారి."

కూర్చుని బ్రేకు తొక్కాను.
ఇన్నిస్ వెనక నిలబడి
రెండు గాజు మూతల మీదా రెండు అరచేతులు పెట్టాడు,
పాత బల్బులు, వెలిగితే వేడెక్కుతాయి.
"జ్వరం లేదమ్మా నర్సమ్మా."
దిగి చూద్దును కదా,
ఎరుపు గుడ్డిగా ఉంది,
బ్రేకుకి బదులు ఎడమ దీపం నీరసంగా కన్ను కొడుతోంది.
ఆరు తీగలూ మళ్ళీ విప్పాను.
ఆరూ సరిగ్గానే ఉన్నాయి.

"తెల్లదాన్ని దేనికి బిగించావు?"
"చాసిస్‌కే."
"రంగు మీద బిగించుంటావు."
నిజమే. ఆ నిగనిగలాడే రంగు కిందే ఉంది ఇనుము.
ఆకురాయితో గీకాను.
వేలితో తడిమి, ఇంకా నున్నగా ఉంది, గీకు, అన్నాడు.
చర్మం ఒలిచినట్టు తెల్లటి లోహం బయటపడేదాకా
నా ఉద్యోగంలోనూ ఎవరికీ అంత నొప్పి పెట్టలేదు.

ఈసారి అతని వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా కారింది వెలుగు.
"ఆఁ," అన్నాడు. అంతే.

పదిన్నరకి ఈగలన్నీ ఇల్లు చేరాక
గుమ్మాలకి నురుగు ముక్కలు కుక్కి, పట్టీలు బిగించి, బయల్దేరాం.
కారు చప్పుడు లేకుండా కదిలింది.
"ఇంజనేదీ?"
"ఇంకా లేవలేదు."
ముప్ఫై ఏళ్ళు డీజిల్ మోతలో మోసుకెళ్ళాడు వాటిని,
అవి ఏమంటాయో ఎప్పుడూ వినలేదట.
కిటికీ దించి, తల బయటపెట్టి,
వంతెన దాకా మాట్లాడలేదు.

ఎత్తు మొదలవగానే ఇంజను దగ్గి లేచింది.
ఆరు పెట్టెలూ ఒక్కసారిగా విసుక్కున్నాయి.

పైన గేటు దగ్గర ఆపితే దిగి,
ట్రైలర్ అంచు పట్టుకుని వెనక్కి నడిచాడు.
బ్రేకు మీంచి కాలు తియ్యలేదు నేను.
అద్దంలో అతను లేడు, ఎర్రటి పొగమంచు మాత్రం ఉంది.
"రెండూ వెచ్చగానే ఉన్నాయి!" అని అరిచాడు చీకట్లోంచి.

తెల్లవారి ఇంటికొచ్చి బూట్లు విప్పితే
నా ఎడమ మేజోడులో ఐదో మేకు.