తలకి పది పైసలు

పల్లావరం కొండ సగం మేమే తిన్నాం అనేవాడు తాత.
తిన్నది రాయి, కక్కింది కంకర,
మిగిలింది ఇదిగో, ఈ చేతులు.

ఆ కంకర సందుల్లో
ఎవరూ నాటకుండా, ఎవరూ రమ్మనకుండా
గడ్డిచామంతి.
జానెడు కాడ, కొసన చొక్కా గుండీ అంత పసుపు,
చుట్టూ పళ్ళూడిన నోట్లోలా నాలుగైదు తెల్ల రేకులు.

మా ఇంట్లో దాని పేరు గాయపాకు.
పక్క గుడిసె తేన్మొళి వాళ్ళింట్లో తాత పువ్వు.
ఒకటే మొక్క.
మాకు గాయం, వాళ్ళకి తాత.
బడిలో మాత్రం ఇద్దరికీ పలకాకే.
బలపం చేసిన తప్పునీ
రాయి చేసిన నెత్తుటినీ
ఆ పసరుతోనే తుడిచేవాళ్ళం.

మాలకొండయ్య తాత సమ్మెట దించితే
పెచ్చు ఎటు లేస్తుందో రాతికే తెలీదు.
ఒకసారి నా పిక్కకి తగిలింది.
గుప్పెడు ఆకు దూసి, అరచేతుల్లో నలిపి
(రోలూ రోకలీ రెండూ ఆ చేతులే)
పసరు పిండి, ఉఫ్ఫని ఊది
"ఏడవబాక. మంట నీది గాదు, ఆకుది. దాన్నే ఏడవనీ" అన్నాడు.
అప్పుడే మీనంబాక్కం విమానం నెత్తి మీంచి దిగుతోంది.
దాని మోతలో నా ఏడుపు నాకే వినపడలా.

తేన్మొళి నేర్పిన ఆట ఒకటుంది.
కాడని కాడకే మెలేసి, బొటనవేలు మెడ కింద పెట్టి
డబ్బులిస్తావా, తల తీసెయ్యనా అని
తాతని బెదిరించాలి.
పువ్వు దగ్గర డబ్బులెక్కడివి? ఠప్.
తలలెగిరి కంకరలో పడేవి.
నా వంతు వచ్చినప్పుడు మాత్రం
వెనకనించి ఒక దగ్గు, బీడీ వాసన,
మొలలోంచి తీసిన పది పైసల బిళ్ళ.
"ఇదిగో, ఇచ్చేశా. పాపం, మెడ వదులు."
ఆ బిళ్ళ చెమటకి వెచ్చగా ఉండేది.

ఆయన పాదంలోనే పెచ్చు దిగిన ఏడు
వానలు బాగా పడ్డాయి. ఆకుకి కరువు లేదు.
పూటపూటా మార్చి కట్టింది అవ్వ.
పైన పచ్చగా, కింద నల్లగా.
తొమ్మిదో రోజున రాళ్ళ లారీలోనే పడుకోబెట్టి తీసకపోయారు.
నేను గుంత గట్టున కూచుని
ఒక పువ్వు మెడ కింద వేలు పెట్టి
చాలాసేపు ఆగాను.
ఎవరూ దగ్గలేదు.
ఠప్.

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలా.
తేన్మొళికి కూడా.

ఇప్పుడా గుంత నిండా నీళ్ళు, చుట్టూ కంచె.
నేను మార్కెట్ రోడ్డులో మందుల షాపు కౌంటర్ వెనక
ప్లాస్టర్లూ గాజుగుడ్డా అమ్ముతుంటా.
మొన్నొక ముసలాయన కాలివేలు చూపించి
ఆకు కట్టుకుంటే సరిపోదా అమ్మా అని అరవంలో అడిగాడు.
షుగరుందా అన్నాను. ఉందన్నాడు.
కౌంటర్ దాటి బయటికొచ్చి
పెద్దాసుపత్రికి ఆటో ఎక్కించిందాకా వదల్లేదు.
ఆకు మీద నాకు కోపం లేదు.
దానికి చేతనైంది అది చేసింది.
దాని చేతుల్లో లేనిది కూడా
మేమే దాని చేతుల్లో పెట్టాం.

రాత్రి షట్టర్ దించుతుంటే
మెట్టు పగుల్లో ఒకటి.
వంగి, కాడ మెలేశాను.
నలభై ఏళ్ళయినా వేలికి దారి తెలుసు,
దానంతటదే మెడ కిందికి పోయింది.
డబ్బులిస్తావా అని అడగడానికి నోరు రాలేదు.
ఇవ్వాల్సింది నేను.
గల్లాపెట్టె వెతికా, ఒక్క నాణెం లేదు.
అందరూ ఫోన్లతోనే కడుతున్నారు.
చిల్లరకి బదులు ఇచ్చే దగ్గు బిళ్ళ ఒకటి దొరికితే
కాడ మొదట్లో పెట్టి
మెడ వదిలేశాను.

పొద్దున వచ్చి చూస్తే చీమలు.
బిళ్ళని పెచ్చులు పెచ్చులుగా కొట్టి
వరసగా మోసుకెళుతున్నాయి.
అప్పటికే సగం తినేశాయి.