రెండు వేళ్ళ జాగా

ఆషాఢం. కొళత్తూరులో ఎవరికీ పెళ్ళిళ్ళు లేవు.
మిషను మీద గుడ్డ కప్పి
నాలుగింటికే మేడెక్కాను,
చంకలో కోసపేట కుండీ,
కొంగున కట్టిన గుప్పెడు వేపపిండి.

పిట్టగోడ నీడలో కనకాంబరం.
మూతి కోసిన నూనె డబ్బాలో ఏడేళ్ళు.
ఒకప్పుడు వారానికి రెండు మూరలు పూసేది.
ఈ ఏడు ఆకులు చిన్నబోయి, పసుపెక్కి,
వెన్ను కొసన రెండే పూలు,
అవీ మొహమాటానికి పూసినట్టు.
పోసిన నీళ్ళు పోసినట్టే కిందికి కారిపోతాయి.
డబ్బా అంచు చుట్టూ బోరు నీళ్ళ ఉప్పు,
సుద్దముక్కతో గీసిన కొలతలా.

బోర్లించి తట్టాను. రాలేదు.
పక్కలు నొక్కాను. రాలేదు.
అడుగు కన్నంలోంచి వేళ్ళు బయటికొచ్చి
గచ్చుని తడుముతున్నాయి.
తెర వెనక చేతులు పైకెత్తి
"అక్కా, కాస్త లాగవా" అనే ఆడవాళ్ళు
గుర్తొచ్చి నవ్వొచ్చింది.

గుడ్డ కత్తెరతో కాగితం కూడా కొయ్యకూడదని
మింటు వీధిలో మా మాస్టారి మాట.
వంటింటి చాకు తెచ్చి
ఎండకి పెళుసెక్కిన డబ్బాని
పక్క కుట్టు విప్పినట్టు నిలువునా విప్పాను.

లోపల మట్టి లేదు.
డబ్బా ఆకారంలో వేళ్ళే నిలబడ్డాయి,
తమ చుట్టూ తామే తిరిగి తిరిగి.

విడదీస్తుంటే గోటికి గట్టిగా ఏదో తగిలింది.
రాయనుకున్నాను.

బాబిన్ కేసు.

ఆ ఏడు దీపావళికి ముందు వారం
ముప్పయ్యారు జాకెట్లు బాకీ. కేసు కనపడలేదు.
హుక్కులూ కాజాలూ కుట్టే తేన్‌మొళిని
నేనేమీ అనలేదు.
అనలేదనే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను.
ఆమె సంచీ వంక ఒక్కసారి చూశాను, అంతే.
తనే టిఫిను మూత తీసి చూపించింది.
పెరుగన్నం. నంజుకి నిమ్మకాయ బద్ద.
మర్నాటి నుంచి రాలేదు.

ఈ కొమ్మ ఆమె తెచ్చి గుచ్చిందే.
అప్పట్లో డబ్బా కొట్టు కిటికీ కిందుండేది.
నూనె వెయ్యడానికి విప్పిన సామాను
ఆ కిటికీ గట్టు మీదే పెట్టేదాన్ని.

లాగాను. రాలేదు.
దారం వెళ్ళే చీలికలోంచి ఒక వేరు దూరి
అవతలికొచ్చి దబ్బనమంత లావెక్కింది,
చెయ్యి తిరిగినవాళ్ళు ఎక్కించినట్టు, సరిగ్గా.
కేసు కావాలంటే వేరు తెంపాలి.

కింద నీళ్ళ లారీ వచ్చింది.
బిందెల చప్పుడు. నా వంతు దాటిపోయింది.
అలాగే కూర్చున్నాను, ఒళ్ళో మొక్కతో.

ఎదిగే పిల్లకి మరీ వదులుగా కుట్టకూడదు,
భుజం జారుతుంది.
లోపల రెండు వేళ్ళ మడత వదలాలి,
మళ్ళీ ఏడు విప్పుకోడానికి.
కుండీ లెక్కా అదే.
నల్లబడి కుళ్ళిన వేళ్ళు మట్టుకు తీసేసి
ఎర్రమట్టి, కొబ్బరిపొట్టు, వేపపిండి కలిపి
నా వేళ్ళతో దాని వేళ్ళ మధ్య కూరుతుంటే
ఏవి ఎవరివో కాసేపు తెలియలేదు.

కేసు లోపలే ఉంది.

నీళ్ళు పోశాను. ఈసారి కారిపోలేదు.
మట్టి నెమ్మదిగా, గుటకేస్తూ తాగింది.
ఎండిన వెన్ను మీద తడి తగిలి
టప్పున కాయ పేలింది.
ఒక గింజ నా చెంపకి తగిలింది.
ఇంకోటి పిట్టగోడ దాటి ఎటో పోయింది.

వాళ్ళిల్లు ఎటువైపని
ఒక్కనాడూ అడగలేదు నేను.