అర మెట్టు

పోర్ట్ టాల్బట్‌లో, చేపల వేపుడు కొట్టు మీది గదిలో
ఐదు కొక్కేలు, ఐదు కప్పులు.
నలభై ఒక్క ఏళ్లుగా వీళ్ల తీగలూ తంటాలూ చుట్టబెట్టేది నేనే.
ఏ పోస్టరు మీదా నా పేరు లేదు.
మంచిదే, కొట్టేసే పని తప్పింది.

గెథిన్ ఉక్కు కొలిమి షిఫ్టు దిగి
ఆ బూట్లతోనే గిటారు పట్టేవాడు.
చెవిలో ఈల మొదలై, ఇక ఆగలేదు.
ఇప్పుడు పావురాలు పెంచుతున్నాడు,
అవి కూస్తాయని నమ్మకం మీద.

కార్విన్ పోయాడు.
వాడి కప్పులో నెరిస్ టీ తాగుతుంది. ఇరవై ఆరేళ్ల పిల్ల.
పెచ్చు ఊడిన అంచు పెదవికి తగలకుండా
వాడిలాగే ఎడమ చేత్తో పట్టుకుంటుంది.
ఎవరూ చెప్పలేదు.

ఎమ్లిన్ గొంతు పైకి ఎక్కడం మానేసింది.
పాటలన్నీ అర మెట్టు దించాం.
జనానికి తెలీదు.
ఇడ్వల్‌కి తెలుసు.
తొంభై మూడులో అలిగి వెళ్లాడు, ఎందుకో వాడికే గుర్తులేదు.
టికెట్టు కొనుక్కుని మొదటి వరసలో కూర్చుంటాడు,
కొత్త డ్రమ్మరు తడబడే చోటికి
ఒక క్షణం ముందే మొహం చిట్లిస్తాడు.

నిన్న ఆట అయ్యాక, వాన.
వ్యానులోంచి పెద్ద యాంప్లిఫయరు దించుతున్నాను.
రెండో కొస ఎవరో ఎత్తారు.
పదిహేడు మెట్లు, పదకొండో దాని దగ్గర మలుపు.
"నీ ఎడమకి," అన్నాడు ఇడ్వల్,
నేను అనేలోపే.