బండి ఱ

పదిహేను రోజులనుకుని నవంబరులో వచ్చాను పాత్స్‌క్వారోకి.
ఫిబ్రవరి దాటిపోతోంది.
పొద్దున్నే ఇటుక నేల పాదాలను కరుస్తుంది,
ఇంట్లోకన్నా వీధిలోనే వెచ్చన.
గ్యాసు బండివాడి కేకతో నా పాఠం మొదలు.

దోన్యా ఎదుబీహెస్ మొక్కజొన్న పిండిముద్ద తడుతూ చెబుతుంది:
పెరో అంటే 'కానీ'.
పెఱ్ఱో అంటే కుక్క.
నా నోట రెండూ ఒకటే.
మనవడు నికానోర్ పడీ పడీ నవ్వుతాడు:
"సెన్యోరా మిద్దెమీద ఒక 'కానీ' మొరుగుతోందట!"

మూడు నెలలు నాలుక మొరాయించింది.
నిన్న ఆ మిద్దె కుక్కే దిగొచ్చి
పెనం పక్క తోర్తియా కరుచుకుపోతుంటే
పెఱ్ఱో! అని అరిచాను.
గులకరాళ్ల దారిలో బండిచక్రంలా
దొర్లింది.

ఎక్కడిదీ చప్పుడు?
పలకమీద అక్షరాల చిట్టచివర,
క్ష పక్కన, ఎవరూ పిలవని ఱ.
"అదిప్పుడు ఎవరూ పలకరు, వదిలెయ్యండి"
అంది వకుళ టీచరు.
వదిలేశాం, తరగతి మొత్తం.

దోన్యా చేతులు ఆగాయి.
"తోర్తియా పోతే పోయింది, మళ్ళీ అను."
అన్నాను.
గోడమీంచి కుక్క ఒక చెవి లేపి,
తనని కాదని తేల్చుకుని, నమలసాగింది.

మంగళవారం నా బస్సు.
టికెట్టు కొన్నాను,
పెరో.