మూడు కడుగుల గింజ

బొమ్మనహళ్ళిలో నీళ్ళు రోజు విడిచి రోజు.
ఈ క్వినోవా ఏమో
మూడు కడుగులు అడుగుతుంది.

మొదటి కడుగుకే కుంకుడు రసంలా నురగ.
"ఇది తలకా, తిండికా?" అంది ఓబుళమ్మ
అంట్లు వదిలేసి గిన్నెలోకి తొంగిచూస్తూ.
"మా కొర్రలకి ఇంత రాజసం లేదన్నా."
ఆ నీళ్ళు మాత్రం పారబోయనివ్వలేదు,
బాల్కనీ బండలు కడిగేసింది.

ఒకటికి రెండు నీళ్ళు, సన్నని సెగ.
మూత తీస్తే
ఒక్కో గింజా చిన్న తెల్లతోక విప్పుకుని
ఇప్పుడే నిద్రలేచినట్టుంది.
ఆవాలు, వేరుశనగపప్పు, ఇంగువ,
నిన్నటి చింతపండు గుజ్జు.
నోరు తిరగని పేరెందుకని
పులిహోర అనేశాం.

పచ్చిగింజలు నాలుగు
పిట్టగోడ మీద పావురానికి వేశాను.
ఒకటి ముక్కున కరిచి, వదిలేసి,
నాకేసి అదోలా చూసి ఎగిరిపోయింది.

షుగర్ రిపోర్టు వచ్చిన నాటినుంచి
కంచం కేసి చూడకుండా తింటోంది సువర్చల.
ఇవాళ చూసింది.
"ఎంతైనా అన్నం కాదుగా" అంటూనే
గరిటెతో గిన్నె అడుగు గీకింది.

ఆ చప్పుడు వింటూ
ఖాళీ బిందె వంచి చూశాను.
రేపు నీళ్ళొచ్చే రోజు.
ఇంకో గ్లాసుడు ఎక్కువ పోయొచ్చు.